గృహసంగీతము: మెత్తని మీటు, గట్టి మీటు



గతమాసమున వీణకు క్రొత్త తంత్రులు వేసికొను విధమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున శ్రుతి కూర్చుకొనుటను గూర్చి వ్రాయదలచితిని గాని, గుడివాడనుండి ఒక సోదరి వ్రాసిన జాబు నా సంకల్పమును మార్చినది. అందలి ప్రశ్న ఆమె యొక్కతెది కాదు. సంగీతము నేర్చు బాలికలున్న ప్రతి యింటను ఎప్పుడో యొకప్పుడు పుట్టునట్టి ప్రశ్న. కావున ఆమె యనుమతితో, పేరు చెప్పక, ఆ ముచ్చటనే మీ యెదుట పెట్టుచున్నాను.

ఆ సోదరి కుమార్తెకు పండ్రెండేండ్లు. పియానో నేర్చుచున్నది. ఇంట నిజమైన పియానో లేదు. విద్యుత్తుతో పలికెడి కీబోర్డు మీదనే సాధకము. పోయిన యేట పడమటి సంగీత పరీక్షకు మూడువందల యేండ్లనాటి నర్తనగీతములు కొన్ని నేర్చి వాయించినది. ఉత్తీర్ణురాలైనది కూడ. కాని పరీక్షకుడు వ్రాసి యిచ్చిన అభిప్రాయములో, స్వరములు సరియే, తాళము సరియే, జీవము మాత్రము చాలదని యున్నదట. అంతట గురువుగారు పుస్తకములో ఇచ్చట గట్టిగా, అచ్చట మెల్లగా అని పెన్సిలుతో గుర్తులు పెట్టి యిచ్చిరి. పిల్ల వానిని పొల్లుపోకుండ పాటించినది. “ఇప్పుడు వినుచుండగా ప్రక్కగదిలో ఎవరో తలుపు తెఱచుచు మూయుచు నున్నట్లున్నది,” అని తల్లి వ్రాసినది. పిల్లకును అట్లే తోచినది గాబోలు, నాకిక పియానో వలదని కూర్చున్నదట. “నేను వీణ నేర్చినదానను గాని పడమటి సంగీతము నెఱుగను. నా బిడ్డకు నేనేమి చెప్పగలను?” అని ఆమె ప్రశ్న.

వీణ నేర్చిన తల్లి చెప్పగలిగినది చాల యున్నదనియే నా నమ్మకము. అమ్మవారి దర్శనమునకు దసరాలలో బెజవాడ వచ్చినప్పుడు పిల్లను వెంటబెట్టుకొని మా యింటికి రమ్మని వ్రాసితిని. మూలానక్షత్రము నాడు కొండ దిగి, ఎండ తగ్గిన పిమ్మట, తల్లీకూతుళ్లిద్దరును వచ్చిరి.

మా మనుమని కీబోర్డును బల్లమీద పెట్టి పిల్లను వాయింపుమంటిని. తప్పు లేకుండ వాయించినది. ప్రతి స్వరమును ప్రక్క స్వరమంతయే, ఒకే మరలో పోసిన జంతికలవలె వరుసగా పడినది. మధ్యమధ్య గుర్తు వచ్చినచోట గట్టిగా, గుర్తు వచ్చినచోట మెల్లగా.

“దీని పేరేమమ్మా?” అని యడిగితిని.

“మిన్యుయెట్ అండీ. అది పాట పేరు.”

“పాట పేరు కాదు తల్లీ, ఆట పేరు. నీవు ఆ యాట ఎన్నడైన చూచితివా?”

చూడలేదనినది. సగము వ్యాధి అచ్చటనే యున్నది.

పడమటి దేశములలో 17, 18వ శతాబ్దులనాటి సంగీతమునకు బరోక్ సంగీతమని పేరు. ఆ కాలమున వాద్యములకై వ్రాసిన గీతములలో చాలభాగము నర్తనముల పేళ్లతోనే యున్నవి. మిన్యుయెట్ అనునది ఫ్రాన్సు రాజగు పదునాలుగవ లూయీ (1643–1715) కొలువున ప్రబలిన నర్తనము. దానికి మూడేసి మాత్రల నడక. కాని పాదములు మూడు మాత్రలకు తమ పని ముగింపవు. ఆఱు మాత్రలకు నాలుగడుగులు పడును. అనగా పుస్తకములో రెండు గళ్లుగా కనబడునది నర్తకికి ఒక్కటే నడక. సరబాండ్ అనునది మెల్లగా సాగును. దానికిని మూడు మాత్రలే, కాని బరువు తఱచుగా రెండవ మాత్రమీద నిలుచును. గవోట్ గడి నడుమనుండి ఎత్తుకొనును. మన అతీతగ్రహమువలె తాళపు దెబ్బకు ముందే పాట పుట్టును. జీగ్ అనునది గంతులాట, త్రిశ్రగతిలో ఉరుకును. ఈ సంగతి తెలియక నాలుగింటిని ఒక్క తీరున వాయించువారు, కోలాటమునకును లాలిపాటకును ఒకే చప్పట్లు కొట్టువారి వంటివారు.

ఇక వాద్యముల సంగతి. ఈ గీతములు పుట్టిన కాలమున ఇండ్లలో పియానో లేదు. ఆనాటి ముఖ్యవాద్యము హార్ప్సికార్డు. చూపునకు పియానో వంటిదే. కాని మెట్టు నొక్కగానే లోపల పక్షియీకతో చేసిన చిన్న ముల్లు లేచి తంత్రిని మీటును. మన వీణను మీటునది వ్రేలు. దానిని మీటునది యంత్రము. వ్రేలు లాలించి మెత్తగా మీటగలదు, కినిసి గట్టిగా మీటగలదు. యంత్రమున కా భేదము తెలియదు. ఎట్లు నొక్కినను నాదము ఇంచుమించు ఒక్కటే. పెద్ద హార్ప్సికార్డులకు రెండు వరుసల మెట్లుండెడివి. ఒక వరుసనుండి మఱియొక వరుసకు చేయి మార్చినప్పుడు నాదము హెచ్చునో తగ్గునో. బాఖ్ (1685–1750) 1735లో ప్రకటించిన ఇటాలియన్ కన్సర్టోలో గట్టిగా, మెల్లగా అను గుర్తులు ఇట్టి రెండు వరుసల వాద్యమునకై పెట్టినవే. ఆయన నర్తనగీతములలో మాత్రము అట్టి గుర్తులు దాదాపు కానరావు. నేటి అచ్చుపుస్తకములలో కనబడునవి తఱచుగా తరువాతి సంపాదకులు చేర్చినవి. కావున, అమ్మలారా, ఆ గుర్తులు వేదవాక్యములు కావు. తెలిసిన పెద్దలు చెప్పిన సలహాలు మాత్రమే.

ఆ కాలముననే ఇండ్లలో క్లావికార్డు అను చిన్న వాద్యమొకటి యుండెడిది. దాని నాదము మిక్కిలి సన్నము, గదిలోనివారికే వినబడును. అయినను వ్రేలి బలమును బట్టి హెచ్చుతగ్గులు పలుకును. నొక్కిన వ్రేలిని కొంచెము కదల్చినచో స్వరము మన కంపితమువలె ఊగును కూడ. పిమ్మట ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున బార్తొలొమియో క్రిస్టొఫొరి అను శిల్పి, 1700 ప్రాంతమున, ముల్లునకు మాఱుగా చిన్న సుత్తి వచ్చి తంత్రిని తాకు వాద్యమును చేసినాడు. వ్రేలు వేగముగా దిగిన గట్టిగా, మెల్లగా దిగిన మెత్తగా పలుకును. దానిని మెల్లగను గట్టిగను పలుకు హార్ప్సికార్డని వర్ణించిరి. ఇటలీ భాషలో పియానో అనగా మెల్లగా, ఫోర్టే అనగా గట్టిగా. కాలక్రమమున రెండవ మాట జాఱిపోయి, మెల్లగా అను మాటయే వాద్యమునకు పేరుగా నిలిచినది. ఈ మాట చెప్పగా పిల్ల మొదటిసారి నవ్వినది.

మఱి హార్ప్సికార్డు వాయించువారు ఊరకుండిరా? లేదు. ఫ్రాన్సు దేశపు కూపరాఁ 1716లో ఆ వాద్యము వాయించు కళనుగూర్చి యొక గ్రంథము వ్రాసినాడు. నాదమును పెంచుటకు దించుటకు వీలులేని వాద్యమున, ఒక స్వరమును రెప్పపాటు ఆలస్యముగా పలికించుటచేతను, మఱియొకదానిని కొంచెము ముందుగా విడిచివేయుటచేతను చెవికి ఆ యనుభవమునే కలిగింపవచ్చునని ఆయన బోధ. హెచ్చుతగ్గులు వారి మనస్సులో నుండెననుటకు ఇంతకంటె సాక్ష్యమేల? చేతికి వీలులేనప్పుడు కాలముతో చెప్పిరి. మనకు పియానో యున్నది గనుక చేతితోనే చెప్పవచ్చును. అయితే మితము తప్పరాదు.

ఇందు స్త్రీల పాలును తక్కువది కాదు. ఎలిజబెత్ జాకే ద లా గెర్ (1665–1729) అను ఫ్రెంచి విదుషీమణి చిన్ననాటనే లూయీ రాజు ఎదుట వాయించి మెప్పు పొందినది. 1687లోను 1707లోను తాను కూర్చిన నర్తనగీతములను అచ్చు వేయించినది. బాఖ్ రెండవ భార్య అన్నా మగ్దలేనా వృత్తిచే గాయని. ఆమెకై 1725లో మొదలుపెట్టిన ఇంటి సంగీతపు పుస్తకములో మిన్యుయెట్లు మొదలగు గీతములలో చాలభాగము ఆమె స్వహస్తముతో ఎత్తి వ్రాసికొన్నది. మన పిల్ల వాయించిన మిన్యుయెట్టును ఆ పుస్తకములోనిదే. చిరకాలము బాఖ్ రచనయని తలచిరి గాని, అది క్రిస్టియన్ పెట్జోల్డ్ అను వానిదని 20వ శతాబ్దిలో తేలినది. పిల్లల సందడి నడుమ, వంటింటి పని నడుమ, ఇల్లాలు వ్రాసికొన్న పాటల పుస్తకమే నేడు లోకమంతట పిల్లలకు మొదటి పాఠమైనది. మన పెద్దల పెట్టెలలోని పాటల పుస్తకములను తూకమునకు వేయువారు ఈ సంగతి జ్ఞాపకముంచుకొందురు గాక.

ఇప్పుడు మన కృష్ణాతీరమునకు వత్తము. లూయీ కొలువున మిన్యుయెట్ ఆడుచున్న కాలమున మనయొద్ద ఏమి జరుగుచున్నది? మొవ్వ గ్రామపు వాడగు క్షేత్రయ్య మువ్వగోపాలుని పేర పదములు రచించి, తంజావూరి విజయరాఘవనాయకుని (1633–1673) కొలువున మన్ననలందినాడు. ఆ మొవ్వకు పొరుగూరైన కూచిపూడిలో, సిద్ధేంద్రయోగి నేర్పినదని చెప్పుకొను భామాకలాపము వేళ్లూనినది. గోలకొండ పాదుషాయగు తానీషా (1672–1687) ఆ నర్తనము చూచి మెచ్చి యూరిని భాగవతులకు అగ్రహారముగా నిచ్చినాడని ప్రతీతి. కావున మన పదములును దరువులును పడమటి మిన్యుయెట్, సరబాండ్లును ఒక యీడువే. రెండును అడుగులకై పుట్టినవి. రెండును తరువాత అడుగులు విడిచి ఇండ్లలోనికి వచ్చి, తంత్రులమీద ఒంటరిగా నిలిచినవి. అడుగులు కనబడనప్పుడు వాని బరువును నాదమే మోయవలెను. ఇదియే అసలు రహస్యము.

ఈ మాట చెప్పి పిల్లను కీబోర్డు వద్దనుండి లేపితిని. మిన్యుయెట్టును నోట కూనిరాగముతో పాడుచు వసారాలో నడువుమంటిని. ఆఱు మాత్రలకు ఒక నడక. మొదటి మూడు మాత్రలలో బరువు, తరువాతి మూడింట తేలిక. రెండు మూడు మాఱులు తడబడినది, పిదప కుదిరినది. తరువాత భామాకలాపములో సత్యభామ తెఱవెనుకనుండి వచ్చు తీరు చెప్పితిని. ముందు తెఱమీదుగా జడ కనబడును, మనిషి తరువాత. ప్రవేశదరువు వాయించువారు మొదటినుండియే గట్టిగా వాయించినచో భామ వచ్చినప్పుడిక హెచ్చుటకేమి మిగులును? అదే భామ కృష్ణునికి లేఖ వ్రాయు ఘట్టమున అదే గట్టితనముతో వాయించినచో అది లేఖ గాదు, దండోరా యగును. పిల్ల ఇట్టే గ్రహించినది. పోయిన సంవత్సరము బడి వార్షికోత్సవములో కూచిపూడి నాట్యము చూచినదట.

అప్పుడు తల్లివంక తిరిగి, “ఒక పదము వాయింపుము తల్లీ,” అని నా వీణ నిచ్చితిని.

ఆమె మొగమాటపడి, పిదప కూర్చుండి వాయించినది. గమకములు ఎంతో శుద్ధముగా నున్నవి, జాఱులు నూనెవలె నున్నవి. కాని చెప్పక తప్పదు: నాలుగడుగుల దూరమున కూర్చున్న నాకు సగమే వినబడినది. మొదటినుండి తుదివరకు అదే మెత్తదనము. పల్లవికిని చరణమునకును భేదము లేదు. అడిగిన మాటకును, అలిగిన మాటకును భేదము లేదు.

“కొంచెము గట్టిగా మీటుము,” అంటిని.

“పదములు ఇట్లే వాయింపవలెను గదా పిన్నిగారూ? మా అమ్మమ్మ ఇట్లే నేర్పినది,” అని ఆమె యనినది.

ఆ అమ్మమ్మ కథ అడిగితిని. దివిసీమలో పెద్ద కుటుంబము. ఆమె కాపురమునకు వచ్చినది 1940 ప్రాంతమున. పుట్టినింట నేర్చిన వీణను మెట్టినింటికి తెచ్చుకొన్నది. పెద్దలు వలదనలేదు, కాని నాదము వీథి అరుగుదాక వినబడరాదని కట్టడి. అందును పదములు! అవి కలావంతుల పాటలని ఆ యింటివారి యేవగింపు. ఆమె మధ్యాహ్నము మగవారు నిద్రించు వేళ, వెనుకగదిలో, తలుపు చేరవేసి, వ్రేలి కొనతో మీటుకొనెడిది. ఏబదియేండ్లు అట్లే వాయించినది. మనుమరాలికి అట్లే నేర్పినది. మనుమరాలు దానిని సంప్రదాయ మనుకొన్నది.

సోదరీమణులారా, ఇచ్చట నేను కొంతసేపు మాటాడలేకపోతిని. భయము చేతిలోనికి దిగి, రెండు తరములు గడచువరకు బాణీ యని పేరు పెట్టుకొన్నది.

మెత్తదనమును నేను నిందించుటలేదు. చెన్నపట్టణమున వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇంట శుక్రవారపు సాయంకాలములయందు జరిగిన కచేరీల ఖ్యాతి మీరు వినియుందురు. ఆమె వీణానాదము సన్నము. వినవచ్చిన గొప్ప విద్వాంసులు సైతము ఊపిరి బిగబట్టి, సవ్వడి చేయక కూర్చుండెడివారు. క్షేత్రయ్య పదములకు ఆ యిల్లు పెన్నిధి. అయినను తాను మెల్లగా వాయించుచు వినువారిని ఊరకుండుమన్న మెత్తదనము వేఱు. ఊరకుండుమని ఒకరు చెప్పగా అలవడిన మెత్తదనము వేఱు. మొదటిది మెల్లగా నుండుచునే, అవసరమైన స్వరమును దీపమువలె ఎత్తి చూపగలదు. రెండవదానికి ఎత్తుటయే తెలియదు.

ఇంకొక్క మాట. ఈ పదములను, కలాపములను మనకొఱకు భద్రపఱచిన వారిలో మన తెలుగుదేశపు కలావంతుల స్త్రీలు అగ్రగణ్యులు. కూచిపూడి భాగవతమేళములలో చిరకాలము పురుషులే స్త్రీవేషములు ధరించిరి. సభలలో స్వయముగా ఆడి పాడినవారు ఆ స్త్రీలే. బాలికలను దేవదాసీలుగా అర్పించు ఆచారమును మాన్పుచు మద్రాసు రాష్ట్రమున 1947లో చట్టము వచ్చినది. బాలికల మేలునకు అది రావలసినదే. కాని ఆచారముతోపాటు వారి విద్యను గూడ లోకము వెలివేసినది. ఎవరి కంఠములనుండి వచ్చిన సొత్తును అనుభవించుచున్నామో వారి పేరు చెప్పుకొనుటకు సిగ్గుపడరాదు. పదమును దొంగసొమ్మువలె దాచి వాయింప నక్కఱలేదు.

పిల్లకు హెచ్చు లేదు, తగ్గు లేదు. తల్లికి తగ్గు గలదు, హెచ్చు లేదు. ఇద్దరికిని ఒక్కటే పాఠము చెప్పితిని. మీకును ఉపకరించునని దానినే క్రింద వ్రాయుచున్నాను. వీణ యైనను, పియానో యైనను, ఈ నియమములు చెల్లును.

మొదటిది, నాలుగు మెట్ల నాదమును అలవరచుకొనుడు. చెవిలో చెప్పు మాట, ప్రక్కనున్నవారితో చెప్పు మాట, ప్రక్కగదిలోనివారిని పిలుచు మాట, వీథిలోనివారిని పిలుచు కేక. ఒకే సరళీస్వరమును ఈ నాలుగు తీరుల ప్రతిదినము వాయించుడు. కాలము మారరాదు, గట్టిగా వాయించునప్పుడు పరుగెత్తుట, మెల్లగా వాయించునప్పుడు ఈడ్చుట అందరికిని గలుగు దోషము. నర్తనగీతములు చాలవఱకు నడిమి రెండు మెట్లలోనే నివసించును. కేకయు గుసగుసయు పండుగనాటి నగలు, నిత్యము ధరింపరాదు.

రెండవది, నాదము పుట్టు చోటును తెలిసికొనుడు. వీణను గుఱ్ఱమునకు దగ్గఱగా మీటిన నాదము పదునుగా, గట్టిగా వచ్చును. మెట్లవైపునకు జరిగిన గుండ్రముగా, మెత్తగా వచ్చును. పియానోమీద బలముకంటె వ్రేలు దిగు వేగము ముఖ్యము. ఈ రెండు వాద్యములలోను ఒకసారి పలికిన స్వరమును తరువాత పెంచలేము. అది పుట్టిన క్షణమునుండి క్షీణించుచునే యుండును. ఫిడేలునకును వేణువునకును గల భాగ్యము వీనికి లేదు. కావున ఒక్క స్వరమును పెంచలేకున్నను స్వరముల వరుసను పెంచవలెను. ఒకదానికంటె ఒకటి ఆవగింజంత హెచ్చుగా.

మూడవది, వాద్యమును ముట్టకముందు పాడుడు. ఊపిరి ఎచ్చట తీసికొందురో అచ్చట వాక్యము ముగిసినది. ప్రతి వాక్యమును ఒక శిఖరమునకు ఎక్కి దిగును. మన మిన్యుయెట్టునే చూడుడు. మొదటి వాక్యము పంచమమున మొదలై, షడ్జమమునకు దిగి, మెట్టుమెట్టుగా మరల పంచమమునకు ఎక్కును. వెంటనే ధైవతమునుండి అదే మాటను మఱింత పైకి చెప్పి తారషడ్జమమును అందుకొనును. రెండవ మాట మొదటిదానికంటె కొంచెము హెచ్చుగా నుండుట సహజము. ఒకే సంగతి ఒకరితో రెండవమాఱు చెప్పునప్పుడు మన గొంతు మారదా? ఇట్లు వచ్చిన హెచ్చునకు పెన్సిలు గుర్తు అక్కఱలేదు.

నాలుగవది, తాళమును దెబ్బలుగా కొట్టకుడు. సమము వచ్చినప్పుడెల్ల గట్టిగా మీటుట రోకటిపోటు. పదములలో పెక్కు త్రిపుటతాళమున నున్నవి. మూడు, రెండు, రెండు మాత్రల ఆ నడకలో మాట యొక్క బరువు ఒకప్పుడు తాళపు బరువునకు ఎడముగా పడును. అప్పుడు మాటనే అనుసరింపుడు. సరబాండ్ రెండవ మాత్రమీద వ్రాలుటయు ఇట్టిదే.

ఐదవది, పునరుక్తిని వ్యర్థము చేయకుడు. మిన్యుయెట్టులోని ప్రతి సగమును రెండుసారులు వాయింతురు. మన పల్లవియు పలుమాఱులు వచ్చును. రెండవసారి మెల్లగా, మొదటిదాని ప్రతిధ్వనివలె వాయింపవచ్చును; లేక ఒక చిన్న సంగతితో అలంకరింపవచ్చును. తొలిసారివలెనే వాయించుట మాత్రము వడ్డించిన విస్తరిలో అదే కూరను మరల వేయుట.

ఆఱవది, అలంకారమున బరువెచ్చటనో గమనింపుడు. ప్రధానస్వరముమీదికి వ్రాలు పైస్వరము పియానోగీతములలో తఱచుగా వచ్చును. ఆ వ్రాలు స్వరము కొంచెము గట్టిగా, దాని తరువాతి విశ్రాంతిస్వరము మెత్తగా నుండవలెను. వీణమీద ఒక్క మీటుతో తంత్రిని లాగి జాఱు పలికించునప్పుడు ఇది దానంతట అదే జరుగును. మీటినది గట్టిది, జాఱినది మెత్తనిది. వీణ నేర్చిన తల్లి పియానో నేర్చు బిడ్డకు చెప్పగల ఉత్తమమైన పాఠమిదియే.

ఏడవది పియానోవారికి. రెండు చేతులును సమానముగా మ్రోగరాదు. కుడిచేయి పాడుచున్నప్పుడు ఎడమచేయి మృదంగమువలె వెనుక నుండవలెను. అయినను ఈ ప్రాచీనగీతములలో ఎడమచేయి వట్టి తంబుర గాదు. దానికిని పాట గలదు. దాని వంతు వచ్చినప్పుడు ముందునకు రానిండు. ఇంట కీబోర్డు కొనువారు, వ్రేలు దిగు వేగమును బట్టి నాదము మారునదియో కాదో దుకాణములోనే నొక్కి చూచి కొనుడు. నాదము పెంచు మరను త్రిప్పుట హెచ్చుతగ్గులు గాదు. అది దీపపు వత్తిని ఎగదోయుటయే గాని దీపముతో ముగ్ధముఖమును చూపుట గాదు.

ఆ సాయంకాలము పిల్ల మరల కూర్చుండి మిన్యుయెట్టు వాయించినది. కొన్ని చోట్ల తప్పులు పోయినది. మునుపు తప్పు లేదు. కాని ఈసారి వసారాలో నడక వినబడినది. అటుపిమ్మట తల్లిని పదము మరల వాయింపుమంటిని. వీథివాకిలి తెఱచియే యున్నది. ఆమె రెండుమాఱులు ఆ వైపు చూచినది. చరణములో నాయిక నాయకుని నిలదీయు చోటు వచ్చినప్పుడు, “అమ్మా, ఇక్కడ! ప్రక్కగదివారిని పిలిచినట్లు!” అని పిల్ల అరచినది. తల్లి గోరు ఆన్చి గట్టిగా మీటినది. తంత్రి ఖంగుమనినది. ఆమె ఉలికిపడి, చేయి వెనుకకు తీసికొని, మరల మీటినది. ఎదురింటి ముసలమ్మగారు గడపలోనికి వచ్చి, ఎవరమ్మా వాయించుచున్నది అని యడిగిరి. ఆమె ఒక నిమిషము తల వంచుకొని, “నేనేనండీ,” అనినది.

మొన్న గుడివాడనుండి మఱియొక జాబు వచ్చినది. పిల్ల మరల పరీక్షకు కూర్చుండునో లేదో తెలియదట. ఆ విషయమై ఇంకను పట్టుదలగానే యున్నదట. కాని చీకటిపడువేళకు తానే వీణ గవిసెన విప్పి, తల్లిని పిలుచుచున్నదట. “మా అమ్మమ్మ ఎట్లు వాయింపదలచెనో ఇన్నాళ్లకు ఊహించుకొనుచున్నాను,” అని ఆమె వ్రాసినది.

మీ యిండ్లలో ఇట్లు తలుపు చేరవేసి వాయించిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఉండిరా? వారు నేర్పిన పాటలేవి, ఏ వాద్యముమీద నేర్పిరి? వ్రాయుడు. తగిన జాబులను ఈ పుటలోనే ముచ్చటించుకొందము. వచ్చు మాసమున, మాట తప్పక, శ్రుతి కూర్చుకొను విధము.